ఇందులో ఇంకేం కలిపారు?

మా మనుమరాలికి పదకొండేళ్ళు. పుట్టింది మొదలు పెన్న నీళ్ళు తాగి, మైపాడు గాలి పీల్చి పెరిగిన పిల్ల. ఇంట్లో రొయ్యల వేపుడు వాసన వస్తే పాఠం మధ్యలో పుస్తకం మూసేస్తుంది. కొంచెం ఉబ్బసం వున్నది గాని, మంచు రోజుల్లో తప్ప అది పెద్దగా బాధపెట్టదు. మొన్న దాని పుట్టినరోజుకి మా అబ్బాయి అందరినీ ఒక కంపెనీ హోటలుకి తీసుకువెళ్ళాడు. కంపెనీ హోటలంటే మీకు తెలిసిందే. ప్రధాన కార్యాలయం ఎక్కడో వుంటుంది. ఏ ఊరికి వెళ్ళినా అదే బోర్డు, అదే రంగు కుర్చీలు, అదే రుచి. వడ్డించే మనిషి వుండడు. మనమే వరసలో నిలబడి, డబ్బు ముందే కట్టి, పళ్ళెం మోసుకుని రావాలి. మా ఆవిడకి అది కొత్త. "ఏందండీ ఇది, పెళ్ళిలో బంతి దొరకనోళ్ళ మాదిరి?" అన్నది.

పిల్ల రొయ్యలే అడిగింది. పైన పిండి తొడుగు వేసి నూనెలో వేయించిన రొయ్యలు, బంగారు రంగులో, ఒక్కొక్కటీ అచ్చుపోసినట్టు వున్నాయి. తిన్నది. అరగంట తిరక్కుండా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. పీల్చే మందు సంచిలోనే వున్నది గనుక సరిపోయింది. రాత్రి పదింటికి పిల్ల నిద్రపోయింది గాని మేము నిద్రపోలేదు.

మర్నాడు డాక్టరుగారు అంతా విని, "రొయ్య పడదని చెప్పటానికి లేదు, ఇంట్లో తింటూనే వుంది గదా. రొయ్య నల్లబడకుండా వేసే సల్ఫైట్ కావచ్చు. పై పిండిలో ఇంకేదయినా కావచ్చు. అసలు తిండే కాక దుమ్మో, ఆ చల్లటి గాలో కావచ్చు. అందులో ఏం కలిపారో తెలుసుకుని రండి, అప్పుడు చూద్దాం" అన్నారు.

ఎంత చిన్న పని! ఏం కలిపారో తెలుసుకుని రావటం. ఆ సాయంత్రమే వెళ్ళాను. బల్ల వెనక ఇరవై ఏళ్ళ కుర్రవాడు, నెత్తిన టోపీ, మొహాన చిరునవ్వు.

"అబ్బయ్యా, మీ రొయ్యల్లో ఏమేం కలుపుతారు?"

"మేమేం కలపం సార్. అంతా బాక్సులోనే వస్తది. మేం నూనెలో వెయ్యటమే."

"ఆ బాక్సులో ఏం కలిపి పంపుతారు?"

"అది కంపెనీ రెసిపీ సార్."

ఆ కుర్రవాడు అబద్ధం ఆడలేదు. అతనికి నిజంగానే తెలియదు. మేనేజరుని అడిగితే కస్టమర్ కేర్ నంబరు ఇచ్చాడు. ఆ నంబరులో ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, "మా ఆహారం అన్ని ప్రమాణాలకూ లోబడి వుంటుందండీ" అన్నది. ఆవిడా అబద్ధం ఆడలేదు. ముగ్గురు మనుషులు, ముగ్గురూ నిజమే చెప్పారు. డాక్టరుగారికి చెప్పటానికి మాత్రం నా చేతిలో ఒక్క మాట కూడా లేదు.

పెద్ద హోటలు కంపెనీలు తమ తిండిలో కలిపేవాటి గురించి నిజాయితీగా వుంటాయా అనే ప్రశ్న నాకు అలా పట్టుకుంది. ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి, తీరిక వున్నది. మొదట మా బావమరిది దగ్గరికి బయలుదేరాను. ముత్తుకూరు వైపు అతనికి రొయ్యల గుంటలున్నాయి.

మన తీరం సంగతి పాఠకులకి కొత్త కాదు. 1990 తర్వాత టైగర్ రొయ్య వచ్చి కొందరిని మేడలెక్కించింది. 1994, 95లలో తెల్లమచ్చ తెగులు వచ్చి వారిలో చాలామందిని దింపింది. 2009 నుంచి వనామి అనే పసిఫిక్ మహాసముద్రపు రొయ్యకి అనుమతి వచ్చింది, ఇప్పుడు గుంటల్లో ఎక్కువగా అదే. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు ఎటు పోయినా నీటి చక్రాలు తిరుగుతూ కనబడతాయి. ఇక్కడి సరుకు పెద్ద భాగం ఓడలెక్కి అమెరికాకి, చైనాకి, జపానుకి, యూరపుకి పోతుంది. అక్కడి హోటలు పళ్ళెంలో మన నెల్లూరు నీటి రొయ్య వుండటం వింత కాదు.

మేం వెళ్ళేసరికి తెల్లవారు జామున పట్టుబడి సాగుతున్నది. వలలోంచి తీసిన రొయ్యని తీసినట్టే ఐసు నీళ్ళ తొట్టిలో వేస్తున్నారు. రొయ్య చచ్చిన క్షణం నుంచీ దానిలో ఒక పని మొదలవుతుంది. కోసిన వంకాయ నల్లబడుతుంది చూశారా, అదే పని. పెంకు కింద వుండే ఒక ఎంజైము గాలి తగిలితే నల్లటి రంగు పుట్టిస్తుంది. తల దగ్గర, కాళ్ళ దగ్గర నల్ల మచ్చలు వస్తాయి. ఆ మచ్చ విషం కాదు. కాని కొనేవాడు మొహం తిప్పుకుంటాడు, కౌంటుకి రావలసిన ధర రాదు. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క. ముప్పయి కౌంటుకి ఒక ధర, వంద కౌంటుకి ఇంకొకటి. మచ్చ పడితే ఏ కౌంటుకీ ధర లేదు.

ఆ మచ్చ ఆపటానికే సోడియం మెటాబైసల్ఫైట్ అనే తెల్లటి పొడి. నీళ్ళలో కలిపి రొయ్యని కాసేపు ముంచుతారు. ప్రపంచమంతా చేసే పనే ఇది, దొంగపని కాదు. పచ్చి రొయ్య మాంసంలో అది కిలోకి 100 మిల్లీగ్రాములు, ఉడికిన రొయ్యలో 30 మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో హద్దు పెట్టారు. మామూలు మనిషికి దానివల్ల ఏమీ కాదు. ఉబ్బసం వున్నవాళ్ళలో కొద్దిమందికి మాత్రం అదే ఊపిరి బిగపడుతుంది.

"మా బిడ్డకి దానివల్లనే అయ్యుంటదంటావా?" అన్నాను.

"నాకెట్టా తెలుస్తుంది బావా? నా గుంట దాటినాక రొయ్య నాది కాదు. ఫ్యాక్టరీలో తల తీస్తారు, పెంకు తీస్తారు, ఇంకో నీళ్ళలో ముంచుతారు. ఆ తర్వాత హోటలోడు పిండి ముంచుతాడు. ఎవురు ఏం ముంచినారో యాడ పట్టుకుంటావు?"

ఆ "ఇంకో నీళ్ళు" సంగతి కూడా చెప్పాలి. ఫాస్ఫేట్ లవణాలు కలిపిన నీళ్ళలో నానబెడితే రొయ్య తన నీటిని వదలదు, ఇంకాస్త పీల్చుకుంటుంది కూడా. గడ్డకట్టించి కరిగించినా బిగువు పోదు, వేయించినా ముడుచుకుపోదు. అచ్చుపోసినట్టు కనిపించటంలో కొంత రహస్యం ఇదే. హద్దులో వాడితే అపాయం లేదు. హద్దు మీరితే మాత్రం మనం రొయ్య ధర పెట్టి నీళ్ళు కొంటున్నామన్న మాట. పాలలో నీళ్ళు కలిపితే చొక్కా పట్టుకునే జాతి మనది. రొయ్యలో కలిపితే "ఎంత నిగనిగలాడుతున్నాయో" అంటున్నాం.

మా బావమరిది చెప్పినదాంట్లో నన్ను నిలబెట్టిన సంగతి ఇంకొకటి వున్నది. యూరపుకి పోయే సరుకు అయితే, పట్టుబడికి ముందే గుంటలోంచి నమూనా తీసి ప్రయోగశాలకి పంపాలి. నిషేధించిన యాంటీబయాటిక్ మందుల జాడ లేదని కాగితం రావాలి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ఈ పరీక్షలు చూస్తుంది. నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ వంటి మందుల విషయంలో, నూరు కోట్ల పాళ్ళలో ఒక పాలు కనబడినా సరుకు వెనక్కి రావలసిందే. 2016లో యూరపువాళ్ళు అనుమానం పెంచుకుని, మన దేశపు గుంటల రొయ్యల్లో తాము పరీక్షించే పెట్టెల వంతుని నూటికి యాభైకి పెంచారు. అంటే మా ముత్తుకూరు రొయ్య పారిస్ పట్నంలో ఎవరి పళ్ళెంలోనో పడేముందు, దాని జాతకం మొత్తం రాసి వుంటుంది.

అదే రొయ్య, అదే గుంట, నెల్లూరులో మా మనుమరాలి పళ్ళెంలో పడితే? చట్టం మనకీ వున్నది, హద్దులూ వున్నాయి. కాని తినేవాడి చేతికి ఏ కాగితమూ రాదు.

తిరిగి వస్తూ చేపల బజారులో ఆగాను. అక్కడ ఒకామె దగ్గర మేము ఇరవై ఏళ్ళుగా కొంటున్నాం. గుడ్డ తీసి రొయ్యలు చూపిస్తూ తనే ఒకటి తీసి, తల విరిచి, నల్లటి మచ్చ చూపించింది. "నిన్నటియి సామీ. ఐసులో పెట్టినా. పులుసుకైతే తీసకపో, వేపుడికి వద్దు. రేపు పొద్దున రా, మంచియి ఎత్తిపెడతా." ఆమె దగ్గర ప్రయోగశాల లేదు, టోపీ లేదు. గుంటలో ఏ మేత వేశారో ఆమెకీ తెలియదు, అందుకని ఆమె రొయ్య మేలని నేను ప్రమాణం చెయ్యలేను. కాని అడగటానికి మనిషి వున్నది. చెప్పిన మాట తప్పయితే రేపు ఆమె మొహమే నేను చూడాలి, నా మొహమే ఆమె చూడాలి.

ఇంతకీ కంపెనీ హోటళ్ళు అబద్ధాలాడతాయా? నేను చదివినంతలో, పచ్చి అబద్ధం అరుదు. వాళ్ళ పనితనమంతా మాటల ఎంపికలో వున్నది. దీనికి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం అమెరికాలో జరిగింది, అదీ మనవాళ్ళ మూలంగానే జరిగింది.

మెక్‌డొనాల్డ్స్ వారి బంగాళాదుంప వేపుడు ముక్కలు పూర్వం ఆవు కొవ్వులో వేగేవి. 1990లో వారు, ఇకమీదట శాకాహారపు నూనెలోనే వేయిస్తామని ప్రకటించారు. గుండెజబ్బుల భయం పెరిగిన రోజులవి. ఆ ప్రకటన విని అక్కడి హిందువులు, జైనులు, మాంసం ముట్టని తెల్లవాళ్ళు కూడా సంతోషించారు. చదువులకి, ఉద్యోగాలకి వెళ్ళిన మన పిల్లల సంగతి ఊహించండి. దారిలో ఆకలేస్తే, ఇంట్లో అమ్మకి చెప్పుకోగల తిండి అదొక్కటే కదా! నూనె శాకాహారమే, అందులో అబద్ధం లేదు. కాని ముక్కలు దుకాణానికి రాకముందే, ఫ్యాక్టరీలోనే, వాటికి గొడ్డు మాంసపు సారం కొద్దిగా పట్టిస్తున్నారు. ఆ సారం పేరు పదార్థాల పట్టీలో "సహజమైన రుచి" అని వుంది. సహజమే మరి, ఆవు కన్నా సహజమైనది ఏమున్నది!

2001 మే నెలలో హరీష్ భారతి అనే భారతీయ సంతతి న్యాయవాది సియాటిల్‌లో దావా వేశారు. ఇక్కడ ముంబయి పరిసరాల్లో వారి దుకాణం మీద జనం విరుచుకుపడ్డారు. భారతదేశంలో తాము ఆ సారం వాడటం లేదని కంపెనీ చెప్పుకుంది. 2002లో అమెరికాలో రాజీ కుదిరింది. కంపెనీ క్షమాపణ చెప్పి, శాకాహార సంఘాలకీ, హిందూ తదితర మత సంస్థలకీ కలిపి కోటి డాలర్లు ఇవ్వటానికి ఒప్పుకున్నది. అక్కడితో అయిందా? 2006లో మళ్ళీ ఆ ముక్కల్లోనే గోధుమ, పాలకి సంబంధించిన పదార్థాలున్నాయని బయటపడింది. గోధుమ పడనివాళ్ళు అంతకాలమూ అవి నిశ్చింతగా తింటూ వచ్చారు. బంగాళాదుంపని బంగాళాదుంప అనుకోవటం వాళ్ళ తప్పు కాబోలు!

మనదేశపు ముచ్చట కూడా ఇటువంటిదే. అది హోటలు తిండి కాదు గాని, రెండు నిమిషాల్లో వండి పెట్టే తిండి గనుక ఇక్కడ చెప్పవచ్చు. మ్యాగీ నూడుల్స్ పొట్లం మీద "అదనంగా ఎం.ఎస్.జి. కలపలేదు" అని రాసి వుండేది. ఎం.ఎస్.జి. అంటే మన వీధి బండ్లవాళ్ళు అజినమోటో అని పిలిచే ఉప్పు. ఉత్తరప్రదేశ్‌లో పరీక్ష చేయిస్తే గ్లూటమేట్ బయటపడింది, సీసం హద్దు మించిందని కూడా నివేదిక వచ్చింది. 2015 జూన్ 5న కేంద్ర ఆహార భద్రతా సంస్థ అమ్మకం ఆపించింది. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ ఆజ్ఞ కొట్టివేసింది. పరీక్షలు గుర్తింపు వున్న ప్రయోగశాలల్లో జరగలేదనీ, కంపెనీ వాదన సరిగా వినలేదనీ తప్పుపట్టింది. మళ్ళీ పరీక్షలు నెగ్గి నవంబరులో పొట్లాలు అంగళ్ళకి వచ్చాయి. అంటే కంపెనీ గెలిచినట్టే. కాని ఆ "కలపలేదు" అనే మాట వుందే, దాన్ని తీసివేస్తామని జూన్‌లోనే కంపెనీ చెప్పింది. వాళ్ళ వాదన ఏమంటే, మేము విడిగా కలపలేదు, వేరుసెనగ మాంసకృత్తుల సారం, ఉల్లిపొడి, గోధుమపిండి వేశాము, వాటిలో గ్లూటమేట్ దానంతటదే వుంటుంది, అని. ఆ వాదనలో తప్పు పట్టటం కష్టం. కాని పొట్లం చదివిన ఇల్లాలు ఏమనుకున్నది? ఇందులో అది లేదు అనుకున్నది. ఆమె అలా అనుకోవాలనే ఆ మాట అక్కడ అచ్చయింది.

అజినమోటోని నేను వెనకేసుకు రావటం లేదుగాని, దాని మీద వేసిన నింద కూడా ఎక్కువే. 1908లో టోకియోలో ఇకెడా అనే ఆచార్యుడు సముద్రపు నాచుతో కాచిన చారులో ఆ రుచి ఎక్కడినుంచి వస్తుందా అని వెతికి, దాన్ని విడదీశాడు. 1968లో ఒక డాక్టరు, చైనా హోటల్లో తింటే మెడ తిమ్మిరెక్కుతుందని వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. దానితో ప్రపంచం బెదిరింది. తర్వాత జరిగిన పరీక్షల్లో మామూలు మోతాదుకి అంత దోషం కనబడలేదు. పండిన టొమాటోలో గ్లూటమేట్ వున్నది. చేపలో ఆ రుచిని రెట్టింపు చేసే ఇంకో పదార్థం వున్నది. మన నెల్లూరు చేపల పులుసు రాత్రి కాచి పొద్దున తింటే ప్రాణం లేచి వస్తుందంటే, ఆ రెండూ మట్టి దాకలో ఒకటైన ఫలితం కూడా కొంత వున్నది. మిగతాది మామిడికాయ, చెయ్యి తిరిగిన మనిషి. ఇంట్లో మనం మాత్రం ఏమీ కలపమా? బజ్జీలో సోడా ఉప్పు, జామ్‌లో నిమ్మ ఉప్పు వెయ్యమా? కలపటం పాపం కాదు.

అదే మాట చిన్న హోటళ్ళకీ, వీధి బండ్లకీ వర్తిస్తుంది. మనవాళ్ళని కాపాడి కంపెనీలని తిట్టటం న్యాయం కాదు. సాయంత్రం బండి మీద మంచూరియా ఎర్రగా దీపంలా వెలుగుతుంటుంది, ఏ మిరపకాయకీ ఆ రంగు లేదు. పక్కనున్న కర్ణాటకలో 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదనీ, రంగు వేసిన పీచుమిఠాయి అమ్మకూడదనీ ఆజ్ఞ వేశారు. పీచుమిఠాయిలో దొరికిన రోడమిన్-బి బట్టలకి వేసే రంగు. ఇటువంటి వాటిలో కంపెనీ హోటలు బండికన్నా నయమేనని నేను ఒప్పుకుంటాను. వాళ్ళకి ప్రయోగశాలలున్నాయి, పేరు పోతుందనే భయం వుంది. ఆ పరీక్షల కాగితాలు మనదాకా రాకపోవటమే నా ఫిర్యాదు.

పేరు మోసిన చోట కూడా చిక్కులు వచ్చాయి. ఢిల్లీలోని శాస్త్ర పర్యావరణ కేంద్రంవారు 2016లో 38 రకాల రొట్టెలు, బన్నులు, పావులు, పిజ్జా రొట్టెలు పరీక్షిస్తే, నూటికి 84 వంతుల్లో పొటాషియం బ్రోమేటో అయొడేటో కనబడింది. పిండి బాగా పొంగటానికి వేసేవి అవి. బ్రోమేట్ క్యాన్సరు తేగలదన్న అనుమానంతో చాలా దేశాలు ఎప్పుడో మానేశాయి. మన ప్రభుత్వం ఆ జూన్‌లో దాన్ని అనుమతి పొందిన వాటిలోంచి తీసివేసింది. ఆ వారం రోజులూ పేపర్లు తిరగేస్తే, పేరున్న కంపెనీలు "మేము వాడటం లేదు" అని వరసగా ప్రకటనలిచ్చాయి. వాడనివాళ్ళు ఆ మాట ముందే గోడ మీద రాసుకుంటే ఎంత బాగుండేది!

2024లో మహారాష్ట్రలో ఇంకొకటి బయటపడింది. అహ్మద్‌నగర్‌లో మెక్‌డొనాల్డ్స్ దుకాణంలో కొన్ని వంటకాల్లో జున్నుకి బదులు నూనెతో చేసిన జున్నులాంటిది వాడుతూ చీజ్ అని అమ్ముతున్నారని అక్కడి అధికారులు ఆరోపించి, లైసెన్సు నిలిపివేశారు. కంపెనీ కాదన్నది, తాము వాడేది నిజమైన చీజేనన్నది, కేంద్ర సంస్థ కూడా అది ధ్రువపరిచిందన్నది. ఈ మధ్యలో కొన్ని వంటకాల పేర్లలోంచి చీజ్ అనే మాట తప్పుకున్నది. ఎవరిది న్యాయమో తేల్చటానికి నేను చాలను. అక్కడ కూర్చుని తిన్నవాళ్ళకి మాత్రం, పేరు మారేదాకా అటువంటి ప్రశ్న ఒకటి వున్నదని కూడా తెలియదు.

మరి చట్టం ఏమంటున్నది? కల్తీ నిరోధక చట్టం 1954లో వచ్చింది. దాని స్థానంలో 2006 నాటి ఆహార భద్రతా చట్టం వున్నది. పొట్లంలో అమ్మే తిండి మీద కలిపినవన్నీ రాయాలి, వాటికి అంకెలు కూడా వున్నాయి. అజినమోటో 621. సోడియం మెటాబైసల్ఫైట్ 223. రొయ్యని బొద్దుగా వుంచే ఫాస్ఫేట్ 451. మీ ఇంట్లోని బిస్కెట్టు పొట్లం వెనక చూడండి, చీమ తలకాయంత అక్షరాల్లో ఇటువంటి అంకెలు కనబడతాయి. హోటలు పళ్ళేనికి ఆ నియమం లేదు. 2020లో చేసిన నిబంధనల ప్రకారం, పది లేక అంతకన్నా ఎక్కువ చోట్ల దుకాణాలున్న హోటళ్ళు పట్టీలో ప్రతి వంటకం పక్కనా కేలరీలు రాయాలి. శాకాహారమో మాంసాహారమో గుర్తు పెట్టాలి. కొందరికి పడని పదార్థాలు, అంటే గోధుమ, పాలు, గుడ్డు, చేప, రొయ్య, వేరుసెనగ, సోయా వంటివి వుంటే చెప్పాలి. కిలోకి 10 మిల్లీగ్రాములో ఆపైనో సల్ఫైట్ వుంటే అదీ ఆ జాబితాలో వున్నది. 2022 జూలై నుంచి ఇది అమలులోకి వచ్చింది.

సల్ఫైట్ ఆ జాబితాలోకి ఊరికే రాలేదు. అమెరికాలో హోటళ్ళవాళ్ళు పచ్చికూరలు వాడిపోకుండా సల్ఫైట్ చల్లేవారు. ఉబ్బసం వున్నవాళ్ళు తిని కొందరు చనిపోయాక, 1986లో అక్కడి ప్రభుత్వం పచ్చిగా తినే కూరలకీ పళ్ళకీ అది వాడటం నిషేధించింది. పొట్లాల మీద చెప్పి తీరాలన్నది. ఆకుకూర తాజాగా కనబడాలన్న ఆశకి మనుషులు బలైన తర్వాత పుట్టిన అంకె అది.

ఇది చదివాక నేను హోటలుకి మళ్ళీ వెళ్ళి గోడ మీది పట్టీ కళ్ళజోడు పెట్టుకుని చూశాను. రొయ్యల పక్కన కేలరీలున్నాయి. రొయ్య, గోధుమ అని కూడా వున్నది. సల్ఫైట్ మాట లేదు. అంటే సల్ఫైట్ లేదా, వున్నా పది లోపేనా, రాయటం మరిచారా? గోడని అడగలేం గదా.

నన్ను గుర్తుపట్టిన టోపీ కుర్రవాడు ఇటూ అటూ చూసి, "సార్, మీరు ఆ పొద్దు అడిగినారు గదా, ఒక నిమిషం" అని లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు నాలుగు మడతలు వేసిన అట్ట తెచ్చాడు. రొయ్యలు వచ్చిన పెట్టె మూత. దినమూ పెట్టె కోసి, సరుకు తీసి, అట్ట చెత్తలో వేస్తారట. దాని మూల ఒక తెల్ల కాగితం అంటించి వున్నది. రొయ్యలు, నీరు, గోధుమపిండి, నూనె, ఉప్పు, చక్కెర, 451, 621. కింద నల్లటి అక్షరాల్లో, 223, సల్ఫైట్ వున్నది, అని.

నేను చదువుతుంటే అతను నా భుజం మీదుగా చూస్తున్నాడు. రోజుకి ఎన్ని పెట్టెలు కోశాడో, ఆ కాగితం చదవటం అతనికీ అదే మొదటిసారి.

"ఇందులో చెడ్డదేమన్నా వుండాదా సార్?"

"నీకూ నాకూ ఏమీ లేదు అబ్బయ్యా. మా మనుమరాలికి వుండచ్చు. అది డాక్టరుగారు చెప్పాలి."

"అయితే దీన్ని కత్తిరించి ఆ గోడకి అంటిస్తే సరిపోతది గదా?"

నేను జేబులోంచి కాగితం తీసి అంకెలు రాసుకుంటున్నాను. మూడో అంకె రాస్తుండగా మేనేజరు వచ్చి, "అది బయటికి ఇవ్వకూడదండీ, కంపెనీ రూలు" అని అట్ట తీసుకుని లోపలికి వెళ్ళాడు. అప్పటికే రాసుకోవటం అయింది. మర్నాడు ఆ చీటీ డాక్టరుగారి బల్ల మీద పెట్టాను.